అక్షరమాల అంతా వచ్చు, ‘పడవ’ చదవమంటే రాదు – హల్లులు ఎక్కడ మొదలుపెట్టి ఎలా నేర్పాలి?

గడప (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పాపకి అయిదున్నరేళ్ళు. క నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తుంది. ‘క, కా, కి, కీ’ అని గుణింతం కూడా రాగం తీస్తుంది. వరసలో మధ్య అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే మాత్రం క దగ్గర నుంచి నోట్లో గొణుక్కుంటూ వచ్చి అప్పుడు చెబుతుంది.

‘పడవ’ చూపిస్తే ప... డ... వ... అని సరిగ్గానే అని, ఆగి, ‘పలక!’ అంటుంది. ప, వ, మ ఒకదానికొకటి మార్చేస్తుంది. ఖ, ఘ, ఛ లాంటివి అడిగితే అన్నిటికీ ‘ఒత్తుది’ అనే ఒకటే జవాబు.

బళ్ళో ఇంగ్లీషుకి ఫోనిక్స్ చెబుతున్నారు – బ్, క్, ట్ అని. తెలుగు హల్లులు కూడా అలా పొల్లుగా పలికించాలా? రోజుకి 20 నిమిషాలు కూర్చోబెట్టగలం. పద్ధతి తెలిసినవాళ్ళు చెప్పండి.

పలకాబలపం:

ముందు ఫోనిక్స్ సంగతి తేల్చేద్దామండీ. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, చదివేటప్పుడు పలికేది ఇంకొకటి. ‘బీ’ అని పిలిచి ‘బ్’ అని చదవాలి. ఆ తేడా దాటించడానికే ఫోనిక్స్. మనకి ఆ బాధ లేదు. ప పేరూ ప, చప్పుడూ ప. పైగా అందులో అ కలిసే ఉంది. కాబట్టి తొలి మెట్టులో పొల్లులు వద్దు. ‘ప్, డ్, వ్’ అని పలికిస్తే అతకడం ఇంకా కష్టమవుతుంది. పొల్లు పని గుణింతం, ఒత్తుల దగ్గర వస్తుంది.

మీ పాపకి వచ్చింది పాట. అక్షరాలు ఇంకా రాలేదు. వరస చెదరగొట్టి, వర్ణమాల పటం కొన్ని వారాలు గోడకి తిప్పి పెట్టేయండి. 36 హల్లులూ ఒక్కసారే అక్కర్లేదు. ఈ 21తో చాలా దూరం వెళ్ళొచ్చు:

మొదటి జట్టు: త, ల, క, ప, డ. వీటితోనే తల, కల, పలక, పడక, తడక, కలప వస్తాయి.
రెండోది: ర, గ, జ, మ, న. జత, జడ, నగ, మర, గడప, నడక, మడత, మడమ.
మూడోది: వ, స, ద, బ, ట. వల, వడ, పడవ, కడవ, దవడ, వరస, గబగబ, టపటప.
నాలుగోది: చ, య, హ, శ, ళ, ణ. దయ, కళ, చకచక, గణగణ.

రెండో జట్టు నుంచి అచ్చులు ఒక్కొక్కటే కలపండి: ఈగ, ఈత, ఉడత, ఎలక, ఆట. ప, మ, వ వేరువేరు జట్లలో ఎందుకున్నాయో చూశారుగా. పోలిక ఉన్న అక్షరాలు పక్కపక్కన నేర్పితే రెండూ గందరగోళం అవుతాయి. ఒకటి బాగా నలిగాక రెండోది రావాలి.

ఒక్కో జట్టుకి వారం నుంచి పది రోజులు పడుతుంది. అయిదు చీటీలు కలిపి తిప్పి చూపిస్తే ఒక్కోదానికి రెండు సెకన్లలో జవాబు రావాలి. ఆలోచించి చెబితే ఇంకా రానట్టే లెక్క, రెండో జట్టు ఎత్తొద్దు.

ఇక అతకడం. మూడు అక్షరాలూ విడిగా పలికి చివర్లో కలపమంటే, మూడోదానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. అప్పుడు ప తో తెలిసిన మాట ఏదో ఒకటి అనేస్తారు. మీ ‘పలక!’ అక్కణ్ణుంచే వచ్చింది. మందపాటి కాగితం ముక్కతో మాట మూసేసి, ఒక్కో అక్షరం తెరుస్తూ పెంచుకుంటూ పోండి: ప. పడ. పడవ. రెండోసారి ‘డ’ అని విడిగా అననివ్వొద్దు, ‘పడ’ అనే అనాలి. నాలుగు రోజుల్లో కాగితం అక్కర్లేకుండా పోతుంది.

వరస అప్పజెప్పేటప్పుడు పిల్లలు ‘కాఆ, ఖాఆ’ అని సాగదీస్తారు, అదీ గమనించండి. అలా అలవాటైన పిల్ల ‘పా డా వా’ అని చదివి, అదేం మాటో తెలియక నిలబడిపోతుంది. ప అంటే చిటికె వేసినంత సేపే.

ఊహించి చెబుతోందా, చదువుతోందా అన్నది తేల్చుకోవాలంటే అర్థంలేని మాటలు రాయండి: ‘లపడ’, ‘తకల’, ‘డకప’. వీటికి బొమ్మ ఉండదు, గుర్తూ ఉండదు. ఇవి చదివితే వచ్చినట్టే.

పెదవిపలుకు:

పై పద్ధతితో ఏకీభవిస్తూనే ఒక మాట. వర్ణమాల వరసని మరీ తీసిపారేయొద్దండీ. 20 అక్షరాలు నిలబడ్డాక ఆ వరసే మంచి పనిముట్టు. క దగ్గర నాలుక వెనకభాగం గొంతు వైపు లేస్తుంది, చ దగ్గర నాలుక అంగిటికి ఆనుతుంది, ట దగ్గర కొన వెనక్కి మడుచుకుంటుంది, త దగ్గర పళ్ళకి తగులుతుంది, ప దగ్గర పెదవులు మూతపడతాయి. లోపలినుంచి బయటికి అయిదు మెట్లు. అద్దం ముందు కూర్చోబెట్టి ‘క, ట, త, ప’ మెల్లగా అనిపిస్తే పిల్ల తన నాలుకని తానే పట్టుకుంటుంది.

పరుషాలు, సరళాలు – అంటే క/గ, ట/డ, త/ద, ప/బ – చెవికి ఆనని పిల్లలకి గొంతు మీద చెయ్యి పెట్టించి ప, బ అనిపిస్తారు. అలా చేస్తే తేడా దొరకదు, రెండిటిలోనూ ఉన్న అ గొంతుని అదిరిస్తుంది. ద్విత్వం పెట్టి అనిపించండి: అప్ప – అబ్బ. అప్పలో నడిమధ్య ఒక్క క్షణం గొంతు మూగబోతుంది. అబ్బలో అదురు ఆగదు. అత్త – అద్దం, అక్క – అగ్గి కూడా అంతే. ఇది పిల్లల చేతికి వెంటనే తెలుస్తుంది.

ఒత్తక్షరాలు (ఖ ఘ ఛ ఝ ఠ ఢ థ ధ ఫ భ) పదీ ఆఖర్న పెట్టండి. అచ్చతెలుగు మాటల్లో ఇవి దాదాపు లేవు. పిల్ల ఇంట్లో వినే మాటల్లో చాలా తక్కువ. పైగా పెద్దవాళ్ళమే సరిగ్గా అనం: ‘కథ’ని కధ అంటాం, ‘ఫలం’లో ఫ ని కింది పెదవి పంటికి ఆనించి ఊదేస్తాం. మనం చూపించని తేడాని చెవితో పట్టుకోమంటే ఎలా? ప/ఫ చూపించాలంటే న్యూస్‌పేపరు చీలిక, వేలంత వెడల్పు, జానెడు పొడవు, నోటికి రెండంగుళాల దూరంలో వేలాడదీయండి. ప కి కదిలీ కదలనట్టు ఉంటుంది, ఫ కి ఎగిరిపడుతుంది. క/ఖ కీ పనిచేస్తుంది. బ/భ కి కాగితం అంతగా సాయపడదు.

మాటలు మాత్రం పిల్లకి తెలిసినవే ఎంచుకోండి, అక్షరం మొదట్లో లేకపోయినా సరే: ముఖం, మేఘం, పాఠం, కథ, బాధ, భయం. ‘ఝ – ఝషం’ అని నేర్పితే ఝషం అంటే చేప అని ముందు చెప్పుకోవాలి; ఒక తెలియనిదానికి ఇంకో తెలియనిది తోడు. ఙ, ఞ అయితే తొలి చదువుకి అక్కర్లేదు, ఱ గుర్రంలో ర అయిపోయింది.

‘ఒత్తు ఖ’, ‘ఒత్తు ధ’ అని పిలవడం మానేయండి. రేపు ‘అక్క’లో కింద వచ్చే క ఒత్తుని కూడా అదే పేరుతో పిలుస్తారు కదా! ‘అన్నీ ఒత్తువే’ అని మీ పాప అనడంలో తప్పేం లేదు, మనం అలా పేరు పెట్టాం.

ఇంకొకటి. చ, జ లకి తెలుగులో రెండేసి పలుకులు. చిలక, చీమ, చేపలో ఒకటి. చలి, చాప, చొక్కాలో పళ్ళ దగ్గర పలికేది ఇంకొకటి. పూర్వం దానికి ౘ, ౙ అని వేరే గుర్తులు కూడా వాడారు. ‘చాప’ని ‘చేప’లోని చ తో చదివి, ఆ మాట ఎప్పుడూ వినలేదన్నట్టు చూస్తే అది చదవడంలో లోపం కాదు. ‘మనింట్లో ఎలా అంటాం?’ అని అడగండి, సరిచేసుకుంటుంది.

చుక్కలముగ్గు:

ఆకారాల గురించి. ప, వ తేడా ‘అలా కాదు ఇలా’ అంటే రాదు, ఎక్కడ చూడాలో చూపించాలి. వ ఎడమవైపు మొదలవ్వడమే చిన్న సున్న చుట్టుకుని మొదలవుతుంది. ప కి ఆ చుట్టు లేదు, పైన నోరు తెరుచుకుని ఉంటుంది, తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా నిలబడుతుంది. మ అంటే వ కి పక్కన కొమ్ములాంటి తోక. అందుకే ‘వు’ రాసేటప్పుడు కొమ్ముని పక్కన కాకుండా కిందికి దించి రాస్తాం, లేకపోతే మ అయిపోతుంది. ‘పు’ కూడా అంతే.

నేల మీద సుద్దతో అడుగు ఎత్తు అక్షరం గీసి, గీత వెంట చింతగింజలు పేర్పించండి. మొదలు ఎక్కడో చుక్క పెట్టి చూపించాలి. అక్కడ ఎర్ర గురివింద గింజ పెట్టేవాళ్ళున్నారు, వద్దు. అది విషం, నోట్లో పెట్టుకుంటారు. సుద్ద చుక్క చాలు. అయిదేళ్ళలోపు పిల్లలు పక్కనుంటే చింతగింజలు కూడా లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి.

గింజల తర్వాత ఇసక పళ్ళెం, తర్వాత పలక. చుక్కలు కలిపే పుస్తకాలు మాత్రం ఎక్కువ వాడొద్దు. పిల్ల చుక్కనే చూస్తుంది, అక్షరాన్ని చూడదు, ఎటునుంచైనా కలిపేస్తుంది. వ ని కుడినుంచి మొదలుపెట్టే అలవాటు పడితే తీయడం నెలల పని.

గడప:

చాలా ఉపయోగంగా ఉందండీ. రెండు అనుమానాలు. ర ని ల అంటుంది, ‘లాయి, లైలు’ అని. దాన్ని దిద్దుతూ కూర్చోవాలా? రెండోది, గుణింతం ఎప్పుడు? ‘క కి గుడిస్తే కి’ వచ్చు కానీ ‘మి’ చూపిస్తే రాదు.

పెదవిపలుకు:

ర విషయం: ర, ల, ప, త నాలుగు చీటీలు పరిచి ‘ర ఏది?’ అనండి. సరిగ్గా ముట్టుకుంటే చదువు వచ్చింది, నాలుక ఇంకా తిరగలేదు. ర చాలామందికి ఆలస్యంగానే తిరుగుతుంది. చదివేటప్పుడు దాని దగ్గర ఆపొద్దు. ‘అవును, రాయి’ అని మీరు సరిగ్గా ఒకసారి అని ముందుకి పోండి. తప్పు చీటీ ముట్టుకుంటే అప్పుడు పాఠం కావాలి. మీ నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ప, బ, మ అడిగినప్పుడు మాటిమాటికీ తప్పు చీటీ తీస్తుంటే, పాఠం కాదు, ఒకసారి చెవులు చూపించండి. జలుబుతో చెవి మూసుకుపోయిన పిల్లలు పెదవులు చూసి నెట్టుకొస్తుంటారు.

పలకాబలపం:

గుణింతం 15 అక్షరాలు నిలబడ్డాక మొదలుపెట్టొచ్చు, మొత్తం అయ్యేదాకా ఆగక్కర్లేదు. కానీ అడ్డంగా కాదు, నిలువుగా. క, కా, కి, కీ అని ఒక హల్లుకి అన్ని గుర్తులూ తగిలిస్తే పాట వస్తుంది. ఒక గుర్తు తీసుకుని వచ్చిన హల్లులన్నిటికీ తగిలించండి: కి, లి, తి, పి, డి, రి, గి... ఈ వారమంతా గుడే. అప్పుడు పిల్ల గుర్తుని వింటుంది. జంటలు పక్కపక్కన రాసి చదివించండి: పలక – పిలక, పడక – పిడక, వల – వేల, గడ – గోడ. ఒక్క గుర్తు మారితే మాటే మారిపోయిందని తెలియడం ఇక్కడ ముఖ్యం.

గుర్తుల వరస: దీర్ఘం, గుడి, కొమ్ము. ఈ మూడూ రాగానే తలుపులు తెరుచుకుంటాయి, ఎందుకంటే మన మాటలు చాలావరకు ఇ తోనో ఉ తోనో ముగుస్తాయి: పాలు, కాలు, పులి, బడి, నది, కాకి, రాయి. తర్వాత సున్న, దాంతో బలపం, కంచం, పంట. ఆ తర్వాత మిగతా దీర్ఘాలు, ఎత్వం, ఒత్వం. ఐత్వం, ఔత్వం, ఋత్వం తొందరేం లేదు.

‘తలకట్టు అంటే అ. గుడి వచ్చిందంటే అ వెళ్ళిపోయింది’ అని చెబితే పిల్లలకి బాగా ఎక్కుతుంది. దీర్ఘం, గుడి, ఎత్వం దాకా ఈ మాట చెల్లుతుంది. కొమ్ము దగ్గర చెల్లదు: ‘కు’లో తలకట్టు అలాగే ఉంటుంది. జ, ట, బ, ల, ణ లకి మొదటినుంచీ తలకట్టే లేదు. అందుకని దీన్ని నియమంలా వల్లెవేయించకండి, క, త, గ, డ మీద చూపించి వదిలేయండి.

‘మి’ రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. మ, య లకి గుడి క, త లకి ఉన్నట్టు నడినెత్తిన కూర్చోదు, ఎడమ భాగంలోకి కలిసిపోతుంది. ‘మొ, యొ’ అయితే వేరే లెక్క, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము లాగుతాం. ఈ రెండు హల్లుల గుణింతం విడిగా, చివర్లో చెప్పండి.

సున్న గురించి పిల్ల అడిగితే పలికించి చూపించండి. పంటలో నాలుక మడుచుకుంటుంది, పందిలో పళ్ళకి తగులుతుంది, కంపలో పెదవులు మూసుకుంటాయి. పక్కనున్న అక్షరం ఎలా చెబితే సున్న అలా వింటుంది. మాట చివర ఉంటే మ్.

దూరపుకొండ:

టెక్సస్‌లో వారాంతపు తెలుగు తరగతుల పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకి కొన్ని. అక్కడ పుట్టిన పిల్లల ఇబ్బంది వేరు.

వాళ్ళ ఇంగ్లీషులో మాట మొదట్లో ప, ట, క లు గాలి తోసుకుంటూ వస్తాయి. అదే అలవాటుతో పిల్లిని ‘ఫిల్లి’లాగా, కాకిని ‘ఖాకి’లాగా అంటారు. ‘గాలి తగ్గించు’ అంటే అర్థం కాదు. స్పై, స్కై అనమనండి, స తర్వాత ఆ గాలి రాదు. స్పై, స్పై అంటూ మెల్లగా స తీసేయమంటే మన ‘పై’ దొరుకుతుంది.

త/ట: ఇంగ్లీషు ‘టీ’ మన ట కన్నా ముందు, త కన్నా వెనక. వాళ్ళ చెవికి మన రెండూ ఒకటే. త కి నాలుక కొన పై పళ్ళ వెనక ఆనాలి, ట కి కొన వెనక్కి మడిచి పైన తగిలించాలి. తాత – టాటా, పదిసార్లు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసివ్వడం ఆపేయండి, అక్కడ ట, త రెండిటికీ ఒకే గుర్తు.

ర: వాళ్ళ ఆర్‌తో కుస్తీ పట్టొద్దు. అమెరికా వాళ్ళు ‘వాటర్’ అన్నప్పుడు నడుమ ట దాదాపు మన ర లాగే తడుతుంది. ‘అదే చప్పుడు’ అని చెబితే చాలు.

ల/ళ కి కల – కళ, వేల – వేళ జంటలు వాడండి.

గడప:

ఆఖరిది. ‘కుర్చీ’ని ‘కురీచ’ అంది నిన్న. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు, పుస్తకంలో కనబడితే చదివింది.

పలకాబలపం:

అది చాలా మామూలు తప్పు. గుడిదీర్ఘం ర మీద కనబడుతోంది, పలికేది మాత్రం చ తర్వాత. మనం రాసేటప్పుడు కూడా ముందు ‘రీ’ రాసి తర్వాత కింద చ తగిలిస్తాం. కన్ను చెయ్యి వెంటే పోయింది.

ఒత్తుల్ని ద్విత్వాలతో మొదలుపెట్టండి. కుక్క, ముగ్గు, చెట్టు, అవ్వ. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అదే అక్షరం, చూడగానే పోల్చుకుంటారు. పోలిక లేనివి ముఖ్యంగా ఆరు: త, న, మ, య, ర, ల. ఆరూ ఇంటి మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, బుర్ర, పిల్ల. ఈ ఆరు మాటలూ ఒక అట్ట మీద రాసి ఎదురుగా పెట్టండి.

పొల్లు అవసరం ఇప్పుడు వస్తుంది. బస్, పెన్, కప్ రాసి చూపించండి. పిల్లకి ఆ చప్పుళ్ళు వచ్చు, పొల్లు గుర్తు మాత్రమే కొత్త. తర్వాత చప్పట్లు: అక్ – క, పిల్ – లి, కుర్ – చీ. మొదటి చప్పట్లో పై అక్షరం పొల్లుగా ఆగాలి.

వేలు నడిచే దారి: పై అక్షరం, కింద ఒత్తు, మళ్ళీ పైకెక్కి గుర్తు. ర్, చ్, ఈ. ‘పిల్లి’లో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, పైనా కిందా ల యే కాబట్టి. అందుకని ద్విత్వాలు వచ్చేశాయి కదా అని ఊరుకోకుండా కుర్చీ, బస్తీ, బల్బు, ముత్యాలు ఈ నాలుగూ అడిగి చూడండి. స్త్రీ లాంటి రెండొత్తుల మాటలు రెండో తరగతిలో చూసుకోవచ్చు.